గొంతుదాకా పెట్రోలు

విశాఖపట్నం, జాలరిపేట
ఆదివారం

అప్పకి,

నీ సెల్లి నూకరత్నం దణ్ణాలు పెట్టి రాసుకుంటన్న ఉత్తరం. ఇక్కడ నానూ, అత్తా బాగున్నాం. నువ్వూ, బావా, మంగా, అమ్మా బాగున్నారనే అనుకుంటన్నాను. అమ్మ మోకాళ్ళు ఎలగున్నాయి? నాను పంపిన నూనె రాసుకుంటందా, లేపోతే సీసా గూట్లో పెట్టీసి దానికి దణ్ణం పెడతందా? మా ఆయన, అదే మీ మరిది, గుజరాతు నుంచి ఫోన్ సేసాడు. సేపల బోటు ఎక్కేముందు సేసాడు, మళ్ళీ దిగినాక సేస్తాడంట. ఒళ్ళు బాగుందన్నాడు. నా గురించి కూడా బెంగెట్టుకోకు. తింటన్నాను, తొంగుంటన్నాను, పనికి ఎల్తన్నాను. నిజంగా బాగున్నాను.

ఫోన్లో సెప్పొచ్చు గదా, ఉత్తరమెందుకంటావేమో. మీ ఇంట ఫోను బావ జేబులో ఉంటాది. నువ్వు మాటాడినంతసేపూ బావ పక్కనే నిలబడి ‘ఏటంటంది, ఏటంటంది’ అంటాడు. అందుకని రాస్తన్నాను. ముందు నువ్వొక్కదానివే సదువుకో. తరవాత బావని కూకోబెట్టి వినిపించు.

సత్తిబాబు గారు మనూరొచ్చాడని, రామమందిరానికి మైకుసెట్టు ఇచ్చాడని, గాలి పాడైపోతందని శానా బాగా మాటాడాడని రాసావు. మైకు ఇచ్చినోడు ఆ మైకులో ముందు తనే మాటాడతాడు గదా, ఇంకెవుల్ని మాటాడనిస్తాడు. భీమిలి కాడ ఆయనికి రొయ్యపిల్లల హేచరీ ఉంది, అందులో నీ కూతురికి, మన మంగకి, పని ఇప్పించమని నన్ను ఎల్లి అడగమన్నావు. ఆళ్ళ నాన్న మన నాన్న కాడ సేపలు కొన్న సావుకారే, నాన్న పేరు సెప్తే కాదనడని బావ అన్నాడంట.

అప్పా, ఆయన్ని సూడ్డానికి నాను ఎక్కడికీ ఎల్లక్కర్లేదు. మా బంకుకే ఒచ్చేవాడు. ఏం సూసానో రాస్తాను. అప్పుడు బావనే సెప్పమను, అడగాలా ఒద్దా అని.

మా పెట్రోలు బంకు బీచి రోడ్డుకి దగ్గిర. ఆడాళ్ళని పెట్టుకుంటే జనం ఎక్కువొస్తారని ఓనరుకి ఎవులో సెప్పారంట, అందుకే మాకు పని దొరికింది. నీలం చొక్కా, నీలం ప్యాంటు. మొదటిరోజు అత్త నన్ను సూసి సేపల గంప దించీసి మరీ నవ్వింది. ఎండ సంగతి సెప్పక్కర్లేదు. పైన రేకు, కింద సిమెంటు, మధ్యలో నాను, అప్పడంలాగ. వాసనకి మొదటి వారమంతా అన్నం ముద్ద నోట్లో పెడితే పెట్రోలే తిన్నట్టుండేది. ఇప్పుడు అలవాటైపోయింది. సిత్రం సూడు, సేపల గంప పట్టుకుని బస్సెక్కితే ముక్కు మూసుకుని జరిగి కూకునే జనం, ఇప్పుడు నా ఒంటి మీద పెట్రోలు వాసనకి జరగరు. అదేటో గౌరవమైన కంపు.

నాతోపాటు పని సేసే పిల్ల పేరు రజియా. పాతూరు పిల్ల. దాని మొగుడు పరుపులు కుడతాడు. ఆళ్ళ ఇల్లు హార్బరుకి దగ్గిర, ఆరేసిన బట్టల మీద బొగ్గు పొడి, ఇనప పొడి పడిపోతే రెండోసారి ఉతుక్కుంటారు. మంచి పిల్ల. నోట్లో మాట బయటికి రాదు. నాను వాగుతాను, అది వింటాది, అలగ మాకు కుదిరింది. ఎండలు ముదిరేసరికి దానికి అయిదో నెల.

మొదటిసారి ఆ కారు ఒచ్చినప్పుడు నాను అటుతిరిగి గాలి గొట్టం సుట్టి పెడతన్నాను. సప్పుడు లేదు. ఎనకాల ఏదో నిలబడ్డట్టనిపించి తిరిగితే, ఇంత కారు. తెల్లగా, నిగనిగలాడతన్నాది. అందులోంచి సత్తిబాబు గారు దిగాడు. నల్ల కళ్ళద్దాలు, సేతికి బంగారు గొలుసు. ఆళ్ళ నాన్న ముక్కే, ఆళ్ళ నాన్న నడకే. నాను ఠక్కున గుర్తుపట్టాను. నువ్వు నవ్వొద్దు, నాకు ఆనందమేసింది. ఊరు కాని ఊర్లో మన పక్క మనిసి కనిపిస్తే ఎలగుంటాదో నీకు తెలీదు. దగ్గిరికెల్లి, ‘బాబూ, నాను ఫలానా ఊరి ఎర్రయ్య కూతుర్ని. మా నాన్న మీ నాన్నగారికే సేపలేసీవోడు’ అన్నాను.

ఆయన నా మొకం కూడా సూడలేదు. ‘అలాగా. వెనక టైర్లో గాలి చూడు’ అన్నాడు.

సూసాను. ఏం సేస్తాను మరి.

గాలి సూసినంతసేపూ బంకులో ఉన్నోళ్ళందరికీ కారు గురించి పాఠం సెప్పాడు. ‘దీన్ని హైబ్రిడ్ అంటారు. వైజాగులో మొదటిది నాదే. ఇందులో ఇంజినూ ఉంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంది. సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజిను దానంతటదే ఆగిపోద్ది. కదిలేటప్పుడు మోటారు లాగుద్ది. బ్రేకు తొక్కితే బ్యాటరీ ఛార్జి అవుద్ది. మీరందరూ పొగ వదుల్తారు. నేను వదలను.’

ఒక ఆటో అబ్బాయి, ‘మరి బాబూ, పెట్రోలెందుకండి?’ అని అడిగాడు. నిజంగా తెలీకే అడిగాడు పాపం. ఆయనికి కోపమొచ్చింది. జేబులోంచి తెల్ల సేతిరుమాలు తీసి, కారు ఎనక్కెల్లి, సైలెన్సరు గొట్టంలో పెట్టి గుండ్రంగా తిప్పి, తీసి అందరికీ సూపించాడు. మరక లేదు. దాన్ని ఆటో అబ్బాయి మొకం ముందు ఆడించి, మడతెట్టి జేబులో పెట్టుకుని ఎల్లిపోయాడు. ఇంత బతుకూ బతికి, సైలెన్సరు తుడిచిన గుడ్డని జేబులో పెట్టుకునే మనిసిని అప్పుడే సూసాను.

కారుకి వంక పెట్టను అప్పా. కారు మంచిదే. మా బంకుకి ఒచ్చే ఆటోలు రోజూ ఒస్తాయి, వేరే కార్లు వారానికోసారి ఒస్తాయి. ఇది రెండు వారాలకోసారి ఒచ్చేది. ట్యాంకు మూత తీసిన ప్రతిసారీ లోపల్నుంచి ఆవిరి పైకి లేస్తాది. ఎండలో సూస్తే కంటికి కనిపిస్తాది, రోడ్డు మీద ఎండమావిలాగ వణుకుతా ఉంటాది. అది తిన్నగా మా ముక్కులోకే. అలగ సూసుకుంటే ఆ కారు మా ముక్కులకి మేలే సేసింది. అన్ని కార్లూ ఇలగే రెండు వారాలకోసారి ఒస్తే మాకు తలనొప్పి సగం తగ్గును. కారుకి తెలివుంది. తోలేవోడికే లేదు.

క్లబ్బులో స్నేహితుల దగ్గిర పందెం కాసాడంట, ఒక్క ట్యాంకు పెట్రోలుతో విజయవాడ ఎల్లి తిరిగొస్తానని. ఆ రోజు పొద్దున్నే ఒచ్చాడు. పైపు రజియా సేతిలో ఉంది. ట్యాంకు నిండింది, పైపు టక్కుమని ఆగిపోయింది. పంపుకి ఆ తెలివి పెట్టారు, నిండితే దానంతటదే ఆగిపోతాది. రజియా పైపు తీయబోయింది.

‘ఏయ్, ఎందుకు తీస్తున్నావు?’ అన్నాడు.

‘ఆగిపోయింది సార్.’

‘ఆగితే మళ్ళీ నొక్కు.’

నొక్కింది. మళ్ళీ ఆగింది.

‘సార్, ఇంక పట్టదు సార్.’

‘పట్టుద్ది. మెల్లగా పొయ్యి. గొంతుదాకా రావాలి. నాకు పెట్రోలు కంటికి కనపడాలి.’

అది ఒంగి సుక్క సుక్క పోస్తన్నాది. ఆవిరంతా దాని మొకం మీదికే కొడతంది. అయిదో నెల కడుపుతో ఒంగడమే కష్టం. మొకం పక్కకి తిప్పుకుంటే ఈయన, ‘మొహం తిప్పుకుంటే ఎలా కనపడుతుంది, సరిగ్గా చూడు’ అన్నాడు. పెట్రోలు పొంగి దాని సేతి మీద, కారు మీద కారింది. ఈయన కారు మీద పడింది తుడిచాడు. ఆయన ఎల్లిపోయినాక రజియా పంపు ఎనకాలకెల్లి వాంతి సేసుకుంది. నాను నీళ్ళు పోసి మొకం కడిగాను. ‘ఏం కాదక్కా, పొద్దున్న ఏం తినలేదు, అందుకే’ అంది. తిన్నాది. నా ముందే తిన్నాది.

పందెం గెలిచాడంట. ఇంక అక్కడి నుంచి ప్రతిసారీ గొంతుదాకా పొయ్యమనడమే. ఓసారి నాను పోసాను, ఓసారి అది పోసింది. మా మేనేజరు అద్దాల గదిలోంచి సూస్తానే ఉన్నాడు. ఒకసారి నాను అడిగాను, ‘అలగ పొయ్యొచ్చా సార్’ అని. ‘ఆయన అడిగింది చెయ్యి. హేచరీ జనరేటర్లకి డీజిలంతా మన దగ్గరే తీసుకుంటాడు’ అన్నాడు. పొగ ఒదలని పెద్దమనిసికి పొద్దస్తమానం పొగ ఒదిలే జనరేటర్లు ఎన్నున్నాయో ఆ డీజిలు కోసం ఒచ్చే కుర్రాళ్ళని అడిగితే సెప్తారు. ఆ సంగతి మనూరి మైకులో సెప్పాడా? సెప్పుంటే రాయి.

కొన్నాళ్ళకి ఆ కారు ఆగిన సోటల్లా పెట్రోలు కంపు. మా బంకులోనే మాకు కంపు తెలుస్తన్నాదంటే సూసుకో ఎంత కంపో. ఆయనికి మాత్రం తెలీదు. అత్తరు పూసుకుంటాడు.

ఒక ఆదివారం పొద్దున్న క్లబ్బు స్నేహితులు నలుగురైదుగురిని ఎనకేసుకుని ఒచ్చాడు. అందరూ నిక్కర్లు, తెల్ల బూట్లు, బీచిలో నడిసొచ్చారు. అందులో ఒకాయన కొత్త కారు కొనాలనుకుంటన్నాడంట, ఆయనికి సూపించాలని ఈయన ఆరాటం. అదే సిగ్నలు కథ, అదే బ్యాటరీ కథ. ఇంజిను ఆన్ సేసి పెట్టి, తెల్ల సేతిరుమాలు తీసి గొట్టంలో పెట్టి తిప్పాడు. పైకెత్తాడు.

నల్లగా ఉంది. అట్ల పెనం అడుగు తుడిచినట్టు.

అప్పుడు కొత్త కారు కొనాలనుకునే ఆయన, ‘సత్తిబాబూ, కాటుక బాగుందయ్యా. ఇంటికి పట్టుకెళ్ళు, ఆడాళ్ళు సంతోషిస్తారు’ అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ పళ్ళ బిగువున ఆపుకున్నాను.

మంచి మనిసైతే తనూ నవ్వీసి ఊరుకును. ఈయన మొకం కందగడ్డైపోయింది. కారు సుట్టూ సూసాడు, మమ్మల్ని సూసాడు. రజియా మీద పడ్డాడు. ‘ఏం పోశావే ఇందులో? కిరసనాయిలు కలిపారా? నా కారు పాడుచేశారు. ఈ పిల్లే పోసింది, నాకు బాగా గుర్తు’ అని అరిసాడు. నన్ను గుర్తుపట్టనోడు దాన్ని గుర్తుపట్టాడు.

మా మేనేజరు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. సేతులు కట్టుకున్నాడు. ‘సారీ సార్, కొత్తమ్మాయి సార్, తీసేస్తాను సార్.’ రజియా మా బంకులో నాకంటే ముందొచ్చింది. కొత్తమ్మాయంట. రజియా ఏడవలేదు. పైపు తగిలించీసి, సేతులు ఎనక్కి పెట్టుకుని నిలబడిపోయింది.

ఆళ్ళెల్లిపోయినాక మేనేజరు నన్ను గదిలోకి పిలిసాడు. ఆ గదిలో ఏసీ ఉంది. బంకులో పని సేసేవోళ్ళని అందులోకి రానివ్వరు. ఆ రోజు కుర్చీ కూడా ఏసాడు. ‘రేపు షోరూమ్ నుంచి ఇంజినీరొస్తారు, కారు చెక్ చేస్తారు. మన పెట్రోలు మంచిదే, నాకు భయం లేదు. కానీ ఆ అమ్మాయి ఆయన వద్దన్నా వినకుండా ఎక్కువ పోసేసిందని నువ్వు చెప్పాలి. మీరిద్దరే కదా అక్కడుండేది. తను ఎలాగూ కాన్పుకి వెళ్ళిపోతుంది. నీకు పగలు డ్యూటీ పర్మినెంటు చేస్తాను.’

‘ఒద్దన్నది ఎవులు సార్?’ అన్నాను.

‘అదే, ఆయన.’

‘ఆయన పొయ్యమన్నాడు. మీరూ పొయ్యమన్నారు. ఒద్దంది రజియా ఒక్కర్తే.’

‘నూకరత్నం, పెద్దాళ్ళతో మనకెందుకు? నీ మొగుడు ఊళ్ళో లేడు. ఉద్యోగం పోతే ఏం చేస్తావు?’

‘సేపలమ్ముతాను. మా అమ్మ అమ్మింది, మా అత్త అమ్ముతంది. అందులో కల్తీ ఉండదు.’

అనీసి బయటికొచ్చీసాను గానీ అప్పా, ఆ రాత్రి ఇంట్లో ఉన్న డబ్బులు రెండుసార్లు లెక్కెట్టుకున్నాను. నీకు సెప్పకపోతే ఎవులికి సెప్తాను. ఈ పని పోతే అద్దెకి అత్త మీద పడాల. పడినా అత్త ఏమీ అనదు, అదే బాధ.

మర్నాడు షోరూమ్ నుంచి ఒచ్చింది మగాడు కాదు, ఒక పిల్ల. లావణ్య. మంగకంటే నాలుగైదేళ్ళు పెద్దది ఉంటాదేమో. జీన్సు ప్యాంటు, భుజాన సంచీ. సత్తిబాబు గారు దాన్ని సూసి, ‘ఇంజినీర్ని పంపమన్నాను కదా’ అన్నాడు. ‘నేనేనండి’ అంది అది, సంచీ కింద పెట్టుకుంటా. ఆయన మేనేజరుని సూసి పెదవి ఇరిసాడు.

ముందు మా పెట్రోలు సూసింది. తెల్ల కాగితమ్మీద సుక్క ఏసింది, ఆరినాక మరక లేదు. గాజు గొట్టంలో పోసి తేలిక బరువులు సూసింది. పెట్రోలు మంచిదే అంది. అప్పుడు కారు దగ్గిరికొచ్చి వాసన సూసింది. ఎనక కింద పడుకుని, ఏదో విప్పి, ఒక నల్ల డబ్బా బయటికి తీసింది. మన ఇంట్లో నూనె క్యాను అంతుంటాది. దాన్ని ఒంచితే పెట్రోలు బొటబొటా కారింది.

‘ఇందులో బొగ్గు ఉంటుందండి’ అని సెప్పింది. ‘కారు ఊరికే ఎండలో నిలబడ్డా ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతుంది. అది గాలిలో కలవకుండా గొట్టం ద్వారా ఈ డబ్బాలోకి వస్తుంది, బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజిను తిరిగినప్పుడు ఆ ఆవిరిని లోపలికి లాక్కుని కాల్చేస్తుంది. ఈ కారులో ఇంజిను మాటిమాటికీ ఆగుతుంది కదా, అందుకే పొగ తక్కువ. కానీ ఆగినప్పుడు బొగ్గుని ఖాళీ చేసుకునే వీలు ఉండదు. కాబట్టి మిగతా కార్లకంటే దీన్ని ఇంకొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. ట్యాంకు గొంతుదాకా నింపితే ఆవిరి కాదు, పెట్రోలే తిన్నగా ఇందులోకి వచ్చేస్తుంది. బొగ్గు తడిసి ముద్దయిపోయింది. ఇప్పుడు ఆవిరంతా బయటికే పోతుంది, అదే ఈ వాసన. ఇంజినులోకి అవసరానికి మించి పెట్రోలు వెళ్తోంది, అదే ఆ మసి. పంపు ఆగగానే ఆపేయాలండి. కారుతో ఇచ్చిన పుస్తకంలో మొదట్లోనే రాసుంటుంది.’

ఇదంతా మామూలుగా సెప్పింది, ఎవుల్నీ తప్పుపట్టినట్టు కాదు. నాకు సగమే అర్థమైంది అప్పుడు. తరవాత అడిగి అడిగి తెలుసుకున్నాను. అందుకే నీకింత రాయగలుగుతన్నాను. అంటే సూడు, ఎనక గొట్టంలోంచి రావలసిన పొగ తగ్గించడానికి అంత పెద్ద కారు కొన్నాడు. ట్యాంకు మూతి కాడ అంతకి రెండింతలు తనే పోగొట్టాడు. పందేనికి.

సత్తిబాబు గారు పుస్తకం మాట విననట్టే ఉండి, ‘సరే, ఈ పంపు దగ్గర పిల్లలకి ఆ మాత్రం తెలియొద్దా?’ అన్నాడు.

మేనేజరు నా వైపు సూసాడు. సెప్పు అన్నట్టు.

‘పంపుకి తెలుసు బాబూ’ అన్నాను. ‘నిండగానే ఆగింది. రజియా పైపు తీయబోయింది. గొంతుదాకా పొయ్యి, నాకు కంటికి కనపడాలి అని మీరే అన్నారు. ఒకసారి కాదు, ఒచ్చిన ప్రతిసారీ అన్నారు. మా మేనేజరు గారు కూడా మీరు అడిగింది సెయ్యమన్నారు. నాను అక్కడే ఉన్నాను.’

మేనేజరు తన బూట్ల కేసి సూసుకున్నాడు. ఆ లావణ్య కాగితమ్మీద ఏదో రాసుకుంటంది. సత్తిబాబు గారు ఏం సేసాడనుకున్నావు? తప్పైపోయిందన్నాడనుకున్నావా? పెద్దగా నవ్వాడు. ‘సర్లే సర్లే, అయిపోయింది. చిన్న విషయం’ అని, జేబులోంచి ఒక నోటు తీసి రజియా ముందు పెట్టాడు. ‘తీసుకో అమ్మా. మిఠాయి కొనుక్కో. కడుపుతో ఉన్నావు కదా.’ అప్పుడు కనిపించింది ఆయనికి దాని కడుపు.

రజియా రెండడుగులు ఎనక్కేసింది. ‘ఒద్దు సార్. నిండిపోయింది’ అంది.

అంతే అంది అప్పా. గట్టిగా కూడా అనలేదు. ఆయనికి అర్థమయిందో లేదో నాకు తెలీదు, నోటు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. లావణ్య మాత్రం రాసేది ఆపి దాని కేసి సూసింది.

కొత్త డబ్బా బిగించినాక కారుని కొంతదూరం తోలి సూడాలంట. లావణ్య ఆ పనిలో మా బంకు ముందు నుంచి ఎల్తా, మా డ్యూటీ దిగే వేళకి ఆపింది. ‘ఎలాగూ పాతూరు దాకా వెళ్ళి వస్తాను, ఎక్కండి’ అంది. రజియా ఎనక, నాను ముందు. నా బట్టలకి పెట్రోలు, సీటు మీద కూకోవాలంటే బయమేసింది. ‘ఫర్లేదక్కా, ఈ కారుకి పెట్రోలు వాసన కొత్తేమీ కాదు’ అని నవ్వింది.

జగదాంబ కాడ సిగ్నలు పడింది. సుట్టూ బస్సులు, లారీలు, ఆటోలు గుర్రుగుర్రుమని ఊగిపోతా పొగ ఒదుల్తన్నాయి. మా కారు మాత్రం ఆగిపోయింది. పాడైపోయిందేమో అనుకున్నాను. లేదు. ఇంజిను దానంతటదే పడుకుంది. సముద్రం మీద మోటారు ఆపీసాక పడవ ఉంటాదే, నీళ్ళు పలకకి తగిలే సప్పుడొక్కటే వినిపిస్తా, అలగుంది. పచ్చ దీపం ఎలగ్గానే సప్పుడు లేకుండానే కదిలింది. ఎనక్కి తిరిగి సూస్తే రజియా నిద్రపోతంది, నోరు కొంచెం తెరుసుకుని. ఎన్నాళ్ళ నుంచి పడుకోలేదో. ఆ సీటు మీద సత్తిబాబు గారు ఎంతసేపు కూకున్నాడో, ఎంత మాటాడాడో. దాన్ని సరిగ్గా వాడుకున్నది రజియానే.

దారిలో లావణ్యని అడిగాను, ఆడపిల్లవి ఈ పనిలోకి ఎలగొచ్చావని. ఆళ్ళది కూర్మన్నపాలెం. నాన్న స్టీలు ప్లాంటులో పని సేస్తాడు. ఆయన ఒద్దన్నాడంట, ఆళ్ళమ్మ ఎల్లమందంట. షోరూము ఎనక షెడ్డులో ఇప్పుడు ఐటీఐ సదివిన ఆడపిల్లలు ఇద్దరున్నారు, ఇంకా కావాలి అంది. మంగ గురించి సెప్పాను. ఇంటర్ పాసయ్యిందని, సైకిలు తనే విప్పి తనే బిగిస్తాదని సెప్పాను. ‘తీసుకురండి, ఐటీఐ ఫారం నేను తెచ్చిస్తాను’ అంది. ఇది నాను అడక్కుండా అంది. నాన్న పేరు సెప్పలేదు, ఊరి పేరు సెప్పలేదు, గుమ్మం ముందు నిలబడలేదు.

తరవాత ఏటైందో కూడా రాసీసి ముగిస్తాను. రజియాని తీయలేదు, తీయడానికి మేనేజరుకి మొకం సెల్లలేదు. నాతో మాటాడ్డం మానీసాడు, అదొక సుఖం. రజియాకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. దాని అత్త పిల్లని సంకనేసుకుని బంకు దాకా ఒచ్చి సూపించింది. ఒళ్ళు కుదురుకున్నాక మళ్ళీ పనికొస్తానంటంది రజియా. అన్నట్టు, సింహాచలం కొండ మీద ఆ పిల్ల పేర కొబ్బరికాయ కొట్టాను. రజియాకి సెప్తే నవ్వి, దర్గాలో మీ ఆయన పేర సెక్కెర పంచాను అంది.

సత్తిబాబు గారు మా బంకుకి రావడం మానీసాడు. ఊరవతల వేరే బంకులో పోయించుకుంటన్నాడు. అక్కడా గొంతుదాకానే. ఎలగ తెలుసంటే, ఆ నల్ల డబ్బా మళ్ళీ మార్సవలసి ఒచ్చిందని లావణ్య సెప్పింది. అది సెప్పినప్పుడు కోపం కూడా రాలేదు నాకు. ఆళ్ళ నాన్న సేపలు తూకమేసేటప్పుడు తక్కెడ మీద బొటనవేలు పెట్టేవాడు గుర్తుందా? మన నాన్న సూసి కూడా ఊరుకునేవోడు. ఆ వేలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉంటాది. బావకి ఇది తెలీదు, సెప్పు.

హేచరీ సంగతి కూడా కుర్రాళ్ళని అడిగాను. ఆడపిల్లలు పొద్దున్న నుంచి సాయంత్రం దాకా తెల్ల గిన్నెల మీద ఒంగి రొయ్యపిల్లల్ని లెక్కెడతారంట, పక్కన జనరేటర్లు. రెండేళ్ళు సేస్తే కళ్ళద్దాలు, నడుం నొప్పి. మంగని అందులోకి పంపీ మాటుంటే నన్ను అడగొద్దు. నాను ఆయన్ని ఏదీ అడగను. ఇది అలక అనుకోకు, అలిగి రాయడం లేదు. ఆయన మీద అలగడానికి కూడా ఆయన నాకేమవుతాడు.

అందుకని మంగని నా దగ్గిరికి పంపు. బట్టలు, టెన్తు కాయితం, ఇంటరు కాయితం ఉంటే సాలు. ఒచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళ సేపలు కొంచెం పంపు, ఇక్కడివి ఇసక. తొంగోడానికి నా పక్కన సాప ఉంది. నిజం సెప్పాలంటే అప్పా, మీ మరిది బోటు దిగీదాకా ఈ గదిలో మాటాడ్డానికి మనిసి లేదు. అత్త తెల్లారకముందే హార్బరుకి ఎల్లిపోతాది, నాను ఒచ్చేసరికి తొంగుంటాది. నాను గోడతో మాటాడతన్నాను, మేనేజరుని గోడకే తిడతన్నాను. మంగ ఒస్తే నా మీద ఎదురు తిరగడానికైనా ఒక నోరుంటాది. దాని నోరు నీ పోలికే గదా.

అమ్మ కాళ్ళకి నా దణ్ణాలు. పక్కింటి ముసలాయనికి, పెద్దమ్మకి, అడిగినోళ్ళందరికీ అడిగానని సెప్పు. బావకి కోపమొస్తే రానీ, రెండ్రోజుల్లో తగ్గుతాది. ఏ బస్సుకి ఎక్కిస్తన్నావో ముందు రాయి, బస్టాండు కాంప్లెక్సు కాడ నిలబడతాను.

మీ అందరి సల్లని సూపూ నా మీద ఉండాలని కోరుకుంటా,

నీ సెల్లి
నూకరత్నం